ఒకటే తీగ: వేప మింగింది, తాడి మింగలేదు

ప్రశ్న: "సార్, మాది నర్సంపేట దగ్గర ఊరు. ఇంటి ముందర వేప చెట్టు ఉంది, మా నాయిన పెట్టింది. బట్టలారేసుకోవడానికి దాని మొదలుకు జీఐ తీగ చుట్టి రెండో కొస ఎదురుంగ ఉన్న తాటి చెట్టుకు కట్టినం. పదేండ్లు దాటింది. ఇప్పుడు చూస్తే వేపకు తీగ లోపలికి దిగబడ్డది, దాని పైన బొద్దుగా ఉబ్బింది, కింద సన్నగా ఉంది. తాడికేమో కట్టిననాడు ఎట్లుందో అట్లనే ఉంది. తీగ పీకెయ్యమని ఒకరు, పీకితే చెట్టు చస్తదని ఇంకొకరు. తారు పుయ్యమని, పేడ పెట్టమని కూడా అంటున్నరు. ఇది కాక ఇంటెనుక మామిడి మొక్కకు మేకలు బెరడు తిన్నయి, చుట్టూ మూడొంతుల్లో రెండొంతులు పోయింది. బతుకుతదా? మా బిడ్డ ఇంటర్ బైపీసీ. తీగ లోపలికి పోలేదు, చెట్టే బయటికొచ్చింది, అంతా కేంబియం అంటది. నిజమేనా? మరి తాడికి ఎందుకు రాలేదంటే ఆమెకూ తెల్వదట."

జవాబు: అన్నా, ముందు చెయ్యాల్సిన పని చెప్తా, కారణాలు తర్వాత. తీగను పీకకండి, అలాగని అట్లే వదిలెయ్యకండి కూడా. ఒక కటింగ్ ప్లేయర్ తీసుకుని ముందు తాడి వైపు పోయే తీగను కత్తిరించండి, బట్టల బరువుకు అది ఊగినప్పుడల్లా వేపను కోస్తూ ఉంటుంది. తర్వాత వేప మాను చుట్టూ తిరిగి చూసి తీగ ఇంకా ఎక్కడెక్కడ కనిపిస్తుందో అక్కడ తెంపండి. రెండు మూడు చోట్ల తెగితే చాలు, ఇక అది చుట్టు కాదు, ముక్కలు. చేత్తో లాగితే ఊడొచ్చే ముక్క ఉంటే తీసెయ్యండి, రాని ముక్కను చెట్టుకే వదిలెయ్యండి. ఉలి, గొడ్డలి పట్టుకుని బెరడు చెక్కి లోపలి తీగను బయటికి తీద్దామని మాత్రం చూడొద్దు, తీగ ఇన్నేండ్లలో చెయ్యని నష్టం ఆ చెక్కుడుతో ఒక్క పూటలో జరుగుతుంది. తారు వద్దు, పేడా వద్దు. ఈ పని ఎండాకాలం చివర, తొలకరికి ముందు పెట్టుకోండి. వానలు పడ్డాక చెట్టు జోరుగా పెరిగే రోజుల్లో బెరడు కింది పొర పచ్చిగా, వదులుగా ఉంటుంది, చిన్న దెబ్బకే బెరడు పలకలా ఊడొస్తుంది.

ఇంకో మాట, మర్చిపోకముందే చెప్పాలి. లోపల ఇనుము ఉందన్న సంగతి ఇంట్లో అందరికీ తెలిసుండాలి. ఎప్పుడో ఒకరోజు ఆ చెట్టు సామిల్లుకు పోతే రంపం పళ్ళు ఊడతాయి, కోసేవాడి కంటికి ముక్క తగిలినా దిక్కులేదు. తీగ ఉన్న ఎత్తు గుర్తుంచుకుంటే చాలు, అది అక్కడి నుంచి ఎటూ పోదు.

ఎటూ పోదని ఎందుకంత ధైర్యంగా అంటున్నానంటే, మాను పొడుగు సాగేది కొమ్మల చివర్లలోనే. రొమ్ము ఎత్తులో మేకు కొడితే పాతికేండ్ల తర్వాత కూడా అది ఆ ఎత్తులోనే ఉంటుంది, చెట్టు పైకి లేచినంత మాత్రాన మేకు లేవదు. మానులో జరిగేది లావెక్కడం ఒక్కటే. మీ అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. తీగ మీరు కట్టిన చోటే ఉంది, చెట్టు దాన్ని దాటి బయటికి వచ్చింది.

ఎట్లా వచ్చిందో చూద్దాం. ఇంత పెద్ద వేప మానులో నిజంగా బతికున్న భాగం చాలా తక్కువ. నడిమధ్య ఎర్రగా ఉండే చేవ మొత్తం చచ్చిందే, చెట్టుకు బలం ఇవ్వడం తప్ప దానికి వేరే పనిలేదు. చేవ చుట్టూ ఉండే లేత రంగు కర్ర నీళ్ళను వేర్ల నుంచి ఆకులకు మోస్తుంది. ఆ నీళ్ళ గొట్టాలు కూడా చచ్చిన కణాలే, మధ్యమధ్యలో కొన్ని బతికున్న కణాలు ఉంటాయి. బయటి నుంచి చూస్తే గరుకుగా కనిపించే ఎండు బెరడు కూడా చచ్చిందే. ఈ రెండింటి నడుమ వేలిగోరుతో గీకితే తగిలేంత లోతులో పచ్చి బెరడు ఉంటుంది, ఆకుల్లో తయారైన చక్కెర కిందికి దిగేది దాని గుండానే. పచ్చి బెరడుకూ కర్రకూ సరిగ్గా మధ్యలో, కంటికి ఆనని పలచని పొర ఒకటి మాను చుట్టూ, కొమ్మల చుట్టూ, లావు వేర్ల చుట్టూ తెగకుండా అల్లుకుని ఉంటుంది. కేంబియం అంటే అదే. కొత్త కణాలు పుట్టేది అక్కడ.

ఆ పొర లోపలి వైపుకు కర్రను, బయటి వైపుకు పచ్చి బెరడును వేస్తుంది. రెండూ సమానంగా కాదు, కర్ర వాటా చాలా ఎక్కువ. లోపల కర్ర పేరుకునే కొద్దీ కేంబియం తానే బయటికి జరుగుతూ పోతుంది, జరిగే కొద్దీ చుట్టుకొలత పెరుగుతుంది కాబట్టి తన వలయంలోకి కూడా కొత్త కణాలు చేర్చుకుంటూ ఉంటుంది. బయట వేసిన పచ్చి బెరడు మాత్రం పోగవదు, పాతది నలిగి ఎండు బెరడులో కలిసిపోతుంది. అందుకే నూరేండ్ల చెట్టులో కూడా కర్ర మూరలకొద్దీ ఉన్నా బెరడు నాలుగు వేళ్ళ మందం దాటడం అరుదు.

టేకు మొద్దు కోసినచోట చూస్తే ఈ పెరుగుదల వలయాలుగా కనిపిస్తుంది. ఎండాకాలం ఆకు రాల్చి పడుకుని, మళ్ళీ పెరుగుదల మొదలైనప్పుడు టేకు ముందుగా పెద్ద పెద్ద నీళ్ళ గొట్టాలు వేస్తుంది, ఆ గీత స్పష్టంగా పడుతుంది. వేపకు, మామిడికి అంత నమ్మకంగా పడదు, కాబట్టి వేప మొద్దు చూసి దాని వయసు చెప్పేవాళ్ళను నమ్మకండి.

ఇక మీ తీగ. చెట్టు లావెక్కుతూ తీగను తాకింది. తీగ సాగదు. తీగకూ కర్రకూ మధ్య నలిగింది ఎవరు? పచ్చి బెరడు, అంటే చక్కెర దారి. పై నుంచి దిగే తిండి అక్కడ ఆగి, ఆగిన చోట పెరుగుదల ఎక్కువై ఉబ్బింది. కింద తిండి తక్కువై సన్నబడింది. 17వ శతాబ్దంలోనే మార్సెల్లో మాల్పిఘీ అనే ఇటలీ వైద్యుడు కొమ్మలకు చుట్టూ బెరడు వలిచి, పైఅంచు ఉబ్బడం చూసి, తిండి ఆకుల నుంచి కిందికి దిగుతుందని గ్రహించాడు. ఇక్కడే చాలామంది మోసపోతారు. నీళ్ళు పైకి పోయేది కర్ర లోంచి, దానికి తీగ అడ్డం కాదు, అందుకే ఆకులు నెలల తరబడి, ఒక్కోసారి ఏండ్ల తరబడి పచ్చగానే ఉంటాయి. ఈలోపు వేర్లు తిండి లేక లోపల్లోపల కాలం చేస్తుంటాయి. పైన పచ్చగా ఉంది కదా అని ఊరుకుంటాం, ఒక ఎండాకాలం చెట్టు మొత్తం ఒక్కసారి ఎండుతుంది, అప్పుడు దిష్టి తగిలిందనో ఎవరో మందు పోశారనో పేచీలు. బర్మా టేకు అడవుల్లో ఈ సంగతినే పనికి వాడుకునేవాళ్ళు. చెట్టు చుట్టూ బెరడే కాదు, నీళ్ళు మోసే లేత కర్రను కూడా చేవ దాకా కోసి, రెండు మూడేండ్లు నిలబెట్టే ఎండనిచ్చి, తర్వాత నరికి ఏట్లో తేల్చి తెచ్చుకునేవాళ్ళు. పచ్చి టేకు నీళ్ళలో మునుగుతుంది.

మీ వేప పదేండ్లు బతికి ఉందంటే దారి పూర్తిగా మూసుకుపోలేదన్నమాట. దగ్గరికి పోయి చూడండి. తీగ మీద పైఅంచు, కిందిఅంచు పెదవుల్లా కలుసుకుని ఒకటే కుట్టులాంటి గీత కనిపిస్తే టెన్షన్ పడకండి, కలిసిన చోట కొత్త కేంబియం, కొత్త పచ్చి బెరడు తీగ మీదుగా అతుక్కుని తిండి మళ్ళీ దిగుతుంది, తీగ లోపల కర్రలో సమాధి అయిపోతుంది. కొన్ని చోట్ల ఇంకా సందు ఉండి తీగ కనిపిస్తుంటే అక్కడ తెంపమన్నది అందుకే. ఒక్క భయం మాత్రం మిగులుతుంది, అది గాలి. ఆ నొక్కు పడ్డచోట మాను బలహీనంగా ఉంటుంది, మే నెల గాలిదుమారంలో అక్కడే విరగొచ్చు. ఇంటి మీదికి వంగిన లావు కొమ్మలుంటే, తెలిసిన మనిషితో కొంచెం బరువు తగ్గించండి. మొత్తం బోడి చెయ్యకండి, ఆకులు లేకపోతే తిండే లేదు.

తారు, పేడ ఎందుకొద్దంటే, మన చర్మం మానినట్టు కర్ర మానదు. దెబ్బ తిన్న కర్ర దెబ్బతిన్నట్టే ఉంటుంది, చెట్టు చేసేదల్లా కుళ్ళు పాకకుండా లోపల గోడలు కట్టుకుని, పక్కల నుంచి కొత్త కర్రతో దాన్ని కప్పెయ్యడం. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో 1970ల్లో వేలకొద్దీ చెట్లను నిలువునా కోసి చూపించింది ఇదే. తారు కింద తడి నిలిచి కుళ్ళు ఇంకా హాయిగా పెరుగుతుంది, పేడ సంగతి చెప్పనక్కర్లేదు. తొర్రల్లో సిమెంటు నింపడం కూడా ఇదే బాపతు, గాలికి చెట్టు ఊగితే సిమెంటు ఊగదు, లోపల ఒరుసుకుని గాయం పెద్దదవుతుంది.

మీ అమ్మాయికి ఇంకో ప్రశ్న రావాలి, వచ్చే ఉంటుంది. లోపల ఇంత పెరుగుతుంటే బయటి తోలు ఏమవుతుంది? లేత వేప రెమ్మను చూస్తే పచ్చగా, నున్నగా ఉంటుంది. దానిమీది పొరకు అంత సాగే గుణం లేదు, రెమ్మ లావెక్కగానే పగలాలి. అది పగిలేలోపు దానికింద కొన్ని కణాలు మళ్ళీ విడిపోవడం మొదలుపెట్టి ఇంకో కేంబియం తయారవుతుంది, దీన్ని బెండు కేంబియం అనుకోండి. ఇది బయటి వైపుకు బెండు కణాలు వేస్తుంది. ఆ కణాల గోడలకు సుబెరిన్ అనే మైనంలాంటి పదార్థం పడుతుంది, నీళ్ళు దూరవు, బయటికి పోవు. గోడలు గట్టిపడ్డాక కణం చచ్చిపోతుంది, లోపల గాలి మిగులుతుంది. చావడమే దాని పని. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో చూసి 'సెల్' అని పేరు పెట్టిన ఖాళీ గదులు ఈ చచ్చిన బెండువే, సీసా బిరడాలు చేసే ఓక్ చెట్టు బెరడులోవి.

ఆ ఓక్ కథ మీ మామిడికి కూడా పనికొస్తుంది. పోర్చుగల్‌లో ఆ చెట్టు బెండును 9 ఏండ్లకోసారి మాను చుట్టూ వలుస్తారు, చెట్టు చావదు, మళ్ళీ బెండు వేస్తుంది. చుట్టూ వలిస్తే చావాలి కదా అంటే, వాళ్ళు తీసేది బయటి చచ్చిన బెండే, లోపలి పచ్చి బెరడుకు గొడ్డలి మొన కూడా తగలనివ్వరు. కాబట్టి ఏ చెట్టుకు ఏ దెబ్బ తగిలినా రెండే చూడండి: పచ్చి బెరడు దాకా దిగిందా, దిగితే చుట్టూ ఎంతమేర తిరిగింది. రెండు జానల లోతు రంధ్రం కన్నా, వేలెడు వెడల్పున చుట్టూ తిరిగిన గీత ఎక్కువ ప్రమాదం. మందుకోసమని వేప పట్ట, తెల్లమద్ది పట్ట తీసేవాళ్ళు కూడా ఇది గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది, కావాలంటే కొట్టేసిన కొమ్మ నుంచి తీసుకోండి, నిలబడ్డ మాను నుంచి కాదు.

బెండు నీళ్ళనే కాదు గాలినీ ఆపుతుంది, లోపలి కణాలకు ఊపిరి ఆడాలి కాబట్టి అక్కడక్కడ వదులు కణాలతో చిన్న చిన్న బుడిపెల్లాంటి రంధ్రాలు వదులుతుంది. ఆలుగడ్డ మీద కనిపించే చుక్కలు కూడా అవే. ఆలుగడ్డ వేరు కాదు, నేలలో ఉబ్బిన కాండం, దాని పొట్టు బెండే. అందుకే పొట్టు తీసిన ఆలుగడ్డ రెండు రోజుల్లో వడిలిపోతుంది, పొట్టున్నది నెలలు ఉంటుంది.

ఇప్పుడు మీ ఊళ్ళో మొరం రోడ్డు ఎత్తు పెంచినప్పుడో, ఇంటి ముందు గచ్చు వేయించినప్పుడో చెట్టు మొదలును జానెడు రెండు జానల మేర మట్టితోనో సిమెంటుతోనో కప్పుతారు చూడండి, హన్మకొండలో ఫుట్‌పాత్‌ల మీద కూడా కనిపిస్తుంది. మాను బెరడు గాలిలో ఉండటానికి తయారైంది. తడిమట్టిలో కప్పి పెడితే ఆ రంధ్రాలు మూసుకుని, బెరడు మెత్తబడి, కుళ్ళి, చివరికి తీగ చేసిన పనే చేస్తుంది. మీ వేపకు అట్లాంటిది ఉంటే మొదలు చుట్టూ మట్టిని పాత నేల మట్టం దాకా తీసెయ్యండి. సున్నం కొట్టడం వల్ల నష్టమేమీ లేదు, పెద్ద చెట్టుకు పెద్ద లాభమూ లేదు.

మాను ఇంకా లావెక్కితే మొదటి బెండూ పగులుతుంది. అప్పుడు ఇంకొంచెం లోపల ఇంకో బెండు కేంబియం, అది చాలకపోతే ఇంకా లోపల ఇంకోటి. ప్రతిసారీ బయట మిగిలినదానికి నీళ్ళు, తిండి తెగిపోయి చచ్చి ఎండు బెరడవుతుంది. ఆ పొరలు ఏ తీరున వస్తాయన్నదాన్నిబట్టే చెట్టుకో రకం బెరడు. జామ పొరలు పొరలుగా రాల్చేసి నున్నగా ఉంటుంది, నీలగిరి పొడుగ్గా ఊడుస్తుంది, నల్లమద్ది మొసలి తోలులా పలకలు కడుతుంది, తునికి నల్లగా గళ్ళుగళ్ళుగా పగులుతుంది. ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లో ఎండాకాలం నేలమంటలు వస్తే నల్లమద్ది లాంటివి తట్టుకునేది ఈ మందపాటి బెరడుతోనే, దాని వెనుక కేంబియం 60 డిగ్రీల వేడి తగిలితే చచ్చిపోతుంది. (2024లో పాపికొండల అడవిలో అధికారులు నల్లమద్ది బుడిపెకు గాటు పెడితే నీళ్ళు చిమ్మిన వీడియో మీరూ చూసే ఉంటారు. దయచేసి మన దిక్కు అడవుల్లో ఎవరూ గొడ్డలి పట్టుకుని అట్లా వెతకొద్దు.) పొలం కొయ్యకాలు కాల్చేవాళ్ళకు ఇదే చెప్తా. గట్టు మీది చెట్టు మొదలు నల్లబడిందంతే, ఏం కాలేదు అనుకుంటారు. లోపల కేంబియం ఉడికిపోతే ఆ సంగతి మరుసటేడు ఆ వైపు బెరడు పెచ్చులుగా రాలినప్పుడు గానీ తెలియదు.

వేర్లు కూడా ఇట్లాగే లావెక్కుతాయి, కొంచెం తేడాతో. లేత వేరు మధ్యలో కర్ర నక్షత్రంలా ఉంటుంది, కేంబియం మొదట దాని ఒంపుల వెంట వంకరగా మొదలై, ఒంపుల్లో ఎక్కువ కర్ర వేసి వేసి చివరికి గుండ్రమవుతుంది. బెండు కేంబియం వేరులో బాగా లోపలి నుంచి పుడుతుంది, కాబట్టి దానికి బయట ఉన్నదంతా, లేత వేరు తోలు, నీళ్ళు పీల్చే నూగు, మొత్తం రాలిపోతుంది. దీని అర్థం ఏమిటంటే లావు వేరు నీళ్ళు పీల్చదు, మోస్తుంది, చెట్టును పట్టుకుని నిలబెడుతుంది. పీల్చేది చివరల్లో వెంట్రుకంత సన్నగా ఉండే లేత వేర్లే. మనమేమో బిందె తెచ్చి సరిగ్గా మొదట్లో పోస్తాం, ఎరువూ అక్కడే వేస్తాం. మధ్యాహ్నం కొమ్మల నీడ ఎక్కడిదాకా పడుతుందో ఆ అంచు చుట్టూ పొయ్యండి, మొదలు పొడిగా ఉండనివ్వండి. తీగ దెబ్బ తిన్న మీ వేపకు వచ్చే రెండు ఎండాకాలాలు అట్లా నెలకు ఒకట్రెండుసార్లు పోస్తే మంచిదే, మామూలుగా వేపకు అవసరం రాదు.

వేరు లావెక్కే బలం చూడాలంటే మర్రి ఊడ చూడండి. గాలిలో వేలాడినంత కాలం తాడంత సన్నం, నేల అందుకున్నదా అదే స్తంభమవుతుంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి అట్లా నిలబడ్డదే. అదే బలం కాకతీయుల కాలపు గుళ్ళకు శాపం. రాళ్ళ సందులో పిట్ట రెట్టతో పడ్డ రావి గింజ మొలిస్తే వేరు దారమంత దూరుతుంది, ఏటేటా కొంచెం లావెక్కి రాయిని పక్కకు తోస్తుంది. మీ ఊరి పాత గుడి మీద రావి మొలక కనిపిస్తే రెండాకులున్నప్పుడే వేరుతో సహా పీకించండి, పెద్దదయ్యాక పైన నరికితే మళ్ళీ చిగురిస్తుంది, వేరు పీకితే గోడ పోతుంది.

ఇక తాడి. దానికి ఈ కేంబియం లేదు. అంతే, అసలు సంగతి అది. తాడి, ఈత, కొబ్బరి, వెదురు, మక్కజొన్న, వరి, ఇవన్నీ ఒకే దళం ఉన్న గింజల మొక్కలు, వీటిలో నీళ్ళ గొట్టాలూ చక్కెర గొట్టాలూ కలిసి చిన్న చిన్న కట్టలుగా కాండమంతా చెల్లాచెదురుగా ఉంటాయి, చుట్టూ తిరిగే ఒకే పొర అంటూ లేదు. తాటి మొలక ఏండ్ల తరబడి నేల మట్టాన్నే ఉండి ముందు తన లావు సంపాదించుకుంటుంది, ఆ తర్వాతే పైకి లేస్తుంది. లేచాక కణాలు ఉబ్బడం వల్ల వచ్చే కొద్దిపాటి తేడా తప్ప లావెక్కేది లేదు. వెదురు ఇంకా విచిత్రం, వానకు నేలలోంచి వచ్చే పిలక ఎంత లావుంటే ముదురు బొంగు కూడా అంతే లావు. అందుకే మీ తీగ తాడికి కట్టిననాటి లాగే ఉంది.

తాటి దూలం కోసేవాళ్ళను అడగండి, బయటి అంచు నల్లగా ఇనుములా ఉంటుంది, లోపలికి పోయే కొద్దీ మెత్తన, పీచు. వేపలో గట్టిది మధ్యలో, తాడిలో గట్టిది అంచున, ఎందుకంటే ఆ కట్టలు అంచున దగ్గర దగ్గరగా ఉంటాయి. అయితే తాడికి ఏమీ కాదు కదా అని మేకులు దిగ్గొట్టకండి. కేంబియం లేదంటే గాయాన్ని కప్పుకునే శక్తి కూడా లేనట్టే. కల్లు గీసే ఈత చెట్టును చూస్తే ఏ ఏడు గీసిన గాటు ఆ ఏడు ఎత్తులో, ఒకదాని మీద ఒకటి మెట్లలా ఎప్పటికీ ఉండిపోతాయి, ఒక్కటీ పూడదు. తాడికి కట్టిన తీగ తీసేసి, బట్టలకు రెండు గుంజలు పాతుకోండి, ఖర్చు ఎంతని.

అమ్మాయికి ఒక పని. చేనులో పత్తి ఏరడం అయ్యాక మోడు కట్టె ఒకటి, ఒక పచ్చి మక్క కర్ర తెచ్చి రెండింటినీ పదునైన కొడవలితో అడ్డంగా కోసి పక్కపక్కన పెట్టి చూడమనండి. జూన్‌లో గింజ వేస్తే సంక్రాంతికి పత్తి పొయ్యిలోకి కట్టె అవుతుంది, మధ్యలో మెత్తటి దవ్వ, చుట్టూ తెల్ల కర్ర, పైన నారలా ఊడొచ్చే బెరడు కనిపిస్తాయి. ఊడొచ్చిన చోటే కేంబియం ఉంటుంది. మక్క కర్రలో ఏ వలయమూ ఉండదు, చుక్కలే. పెద్ద చెట్లకే లావెక్కే విద్య ఉందనుకుంటాం గానీ ఆరు నెలల పత్తికీ ఉంది, నూరేండ్ల తాడికి లేదు. బీట్‌రూట్ కోస్తే కనిపించే వలయాలు కూడా కేంబియం పనే, కానీ అవి ఏడాదికొకటి కాదు, దానికి ఒకే వేరులో ఒకదాని బయట ఒకటి చాలా కేంబియాలుంటాయి.

మామిడి సంగతి. మూడింట ఒక వంతు బెరడు నిలువుగా తెగకుండా పై నుంచి కింది దాకా మిగిలి ఉంటే బతికే అవకాశం బాగానే ఉంది. ముందు మేకలకు అందకుండా చుట్టూ తుమ్మ కంప కట్టండి, ఎందుకంటే అవి మిగిలింది తినడానికి మళ్ళీ వస్తాయి. చీలికలుగా వేలాడే ఎండు బెరడును పదును కత్తితో గట్టిగా అంటుకుని ఉన్న చోటిదాకా మాత్రం కోసి అంచు సాఫ్ చెయ్యండి, గాయాన్ని వెడల్పు చెయ్యకండి. బయటపడ్డ కర్రకు బోర్డో పేస్టు పుయ్యండి: 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం, 1 లీటరు నీళ్ళు. రెండూ సగం సగం నీళ్ళలో విడివిడిగా కలిపి తర్వాత ఒకచోట పొయ్యాలి, ఇనుప బకెట్ వాడొద్దు, ప్లాస్టిక్‌ది వాడండి. అది బెరడును మొలిపించదు, శిలీంధ్రం రాకుండా చూస్తుంది, అంతవరకే. బెరడు పక్క అంచుల నుంచి నిదానంగా పాకాలి. ఈ ఏడు పూత వస్తే తుంచెయ్యండి, కాయ మొయ్యనివ్వకండి. పడమటి ఎండ నేరుగా గాయం మీద పడుతుంటే గోనెసంచి అడ్డం కట్టండి, మానుకు చుట్టి బిగించకండి. ఇంకోసారి మేకలు కొరికితే, ఊడిన బెరడు ముక్క పచ్చిగా ఉన్నప్పుడే, అదే పూట దాన్ని అదే చోట ఒత్తి ప్లాస్టిక్ పట్టీతో కట్టండి, అతుక్కున్నా అతుక్కుంటుంది.

ఆ మిగిలిన ఒక వంతు కూడా మధ్యలో ఎక్కడైనా తెగి ఉంటే లెక్క వేరు. అప్పుడు అదే చెట్టు పుల్లలతో గాయం కింది నుంచి పైకి వంతెన అంటు కట్టించాలి, అది చెయ్యి తిరిగిన నర్సరీ మనిషి పని. లేదా గాయం కిందికి కోసేసి కొత్త చిగురు తీసుకోవాలి, కానీ అది అంటు మొక్క అయితే అంటు కట్టిన చోటుకు కింద వచ్చే చిగురు నాటు మామిడే అవుతుంది, మీరు పెట్టిన రకం కాదు. గాయం అంటు కట్టుకు పైన ఉందా, కింద ఉందా అన్నది మీరు రాయలేదు. మొదట్లో కొంచెం వంకరగా, బొడిపెగా ఉన్న చోటే అంటు కట్టు. అది చూసి, ఆ మిగిలిన బెరడును గోరుతో గీకి పచ్చగా ఉందో గోధుమ రంగులో ఉందో కూడా చూసి రాయండి.